కుక్క ఆగకుండా గోక్కుంటోందా? ఏది ముందు చూడాలి, ఏది తర్వాత

“మా కుక్క రాత్రంతా గోక్కుంటోంది. ఏ ఫుడ్‌కి మార్చమంటారు?” నేను కుక్కల్ని పెంచుతానని తెలిసినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. దురద అనగానే అలర్జీ, అలర్జీ అనగానే తిండి అనుకుంటాం. ఫుడ్ మారుస్తాం, తగ్గదు. ఇంకోటి మారుస్తాం. ఈలోపు తోక మొదట్లో ఫ్లీలు, అంటే రక్తం పీల్చే చిన్న పురుగులు, హాయిగా కాపురం చేసుకుంటూ ఉంటాయి.

నేనూ అలా మూడు నెలలు పోగొట్టుకున్నవాణ్ణే. మా వాడికి రెండు ఫుడ్‌లు, మూడు షాంపూలు మార్చాను. చివరికి ఒకరోజు దువ్వెనకి అంటుకున్న నల్లటి నలుసుల్ని తడి టిష్యూ మీద దులిపితే, చూస్తుండగానే వాటి చుట్టూ ఎర్రటి మరక పాకింది. జీర్ణమైన రక్తం అది. అప్పటిదాకా నేను దాన్ని మట్టి అనుకుంటున్నాను.

అందుకే ఈ వరస తప్పకండి: ముందు పురుగులు, తర్వాత చర్మం మీద ఇన్ఫెక్షన్, ఆ తర్వాత తిండి, అన్నిటికన్నా చివర దుమ్ము, పుప్పొడి లాంటివాటి అలర్జీ. చివరిదాన్ని తేల్చేసే టెస్ట్ అంటూ ఒక్కటీ లేదు. మిగతావన్నీ కాదని తేలాకే దాని పేరు ఎత్తాలి.

ఇది చదవడం ఆపి వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి పరిగెత్తాల్సినవి

మొహం, పెదాలు, కళ్ల చుట్టూ హఠాత్తుగా వాచినా, ఊపిరి కష్టంగా తీస్తున్నా, ఒళ్లంతా దద్దుర్లు లేచి వాంతులు, నీరసం కూడా ఉన్నా గంటలు కూడా ఆగొద్దు. చెవి నొప్పితో తల ఒక పక్కకి వాల్చేసినా, చర్మం మీద రసి కారే పుండు గంటల్లో పెద్దదవుతున్నా, తిండి మానేసినా ఆ రోజే చూపించండి. చిన్న కుక్కపిల్లలకీ, ముసలితనంలో మొదటిసారి దురద మొదలైన కుక్కలకీ ఇంటి ప్రయోగాలు వద్దు.

ఏమేం కావాలి

- పళ్లు బాగా దగ్గరగా ఉన్న ఫ్లీ దువ్వెన. దొరక్కపోతే పేల దువ్వెన.
- తెల్లటి టిష్యూ లేదా దూది, కాసిని నీళ్లు.
- ఒక నోటుబుక్కు, ఫోన్ కెమెరా.
- మెడకి పెట్టే కోన్, సరైన సైజుది. కోన్ అంచు ముక్కు దాటి కాస్త ముందుకి ఉండాలి, లేకపోతే నాలుక పుండుకి అందేస్తుంది.
- వెట్ చెప్పిన మందుల షాంపూ.
- ఈ వారంలో తూచిన కుక్క బరువు. పురుగుల మందు డోసు బరువుని బట్టే ఉంటుంది.
- ఇంట్లోవాళ్లందరి సహకారం. అన్నిటికన్నా కష్టంగా దొరికేది ఇదే.

1. మూడు రోజులు ఏ మందూ మార్చకుండా రాసుకోండి

రోజూ ఒకే వేళకి 0 నుంచి 10 లోపు ఒక మార్కు వేయండి. మామూలు కుక్క ఎప్పుడో ఒకసారి గోక్కున్నట్టు ఉంటే 0. తినడం, ఆడటం, నిద్ర అన్నీ వదిలేసి గోక్కుంటుంటే 10. రాత్రి నిద్రలోంచి లేచి మరీ గోక్కుంటుంటే అది తక్కువ మార్కు కాదు.

గోకడం ఒక్కటే దురద కాదు. కాళ్లు నాక్కోవడం, వేళ్ల సందులు కొరుక్కోవడం, మొహాన్ని సోఫాకేసి రుద్దడం, తల విదిలించడం కూడా లెక్కలోకే వస్తాయి. “గోకడం లేదండీ, కాళ్లే ఎప్పుడూ శుభ్రం చేసుకుంటూ ఉంటుంది” అంటారు చూడండి, అది శుభ్రం కాదు, దురదే. తెల్ల జుట్టు కుక్కల్లో పాదాలు తుప్పు రంగులోకి మారితే అది రోజుల తరబడి నాకిన ఉమ్మి మరక. పిర్ర నేలకేసి ఈడ్చుకోవడం మాత్రం దురదైనా కావచ్చు, మలద్వారం పక్కనుండే గ్రంథులు నిండిపోయినా కావచ్చు.

ఎక్కడ ఎక్కువో కూడా రాయండి, సగం దారి అక్కడే దొరుకుతుంది:

- నడుము వెనక భాగం, తోక మొదలు, తొడల వెనక: ముందు ఫ్లీలనే అనుమానించండి.
- చెవి అంచులు, మోచేతులు, వెనక కాళ్ల మడమలు, అదీ భరించలేనంత దురద: గజ్జి.
- పాదాలు, మొహం, చెవుల లోపల, చంకలు, పొట్ట కింద: అలర్జీ అయ్యుండొచ్చు. తిండిదా, దుమ్ముదా అన్నది చోటు చూసి చెప్పలేం.
- జుట్టు ఊడిన మచ్చలు ఉండి దురద అంతగా లేకపోతే: తామర లేదా డెమోడెక్స్ అనే మరో రకం పురుగు. తామర మనకీ అంటుకుంటుంది, కాబట్టి తేలేదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

2. దువ్వెన పరీక్ష

కుక్కని తెల్ల దుప్పటి మీద నిలబెట్టండి. తోక మొదట్లో జుట్టు పాయ తీసి, దువ్వెన చర్మానికి తగిలేలా నెమ్మదిగా లాగండి. పైపైన దువ్వితే ఏమీ రాదు. ఐదు నిమిషాలు నడుము, తోక, పొట్ట కింద, మెడ చుట్టూ దువ్వి, వచ్చిన చెత్తనంతా తడి టిష్యూ మీద దులపండి. నల్ల నలుసు చుట్టూ ఎర్రగా లేదా ఇటుక రంగులో మరక పాకితే అది ఫ్లీల మలం. మట్టి అయితే నల్లగానే ఉంటుంది.

ఏమీ దొరకలేదా? దాంతో ఫ్లీలు లేవని తేలిపోలేదు. దురద ఉన్న కుక్క నాకి నాకి వాటిని మింగేస్తుంది. ఫ్లీ ఉమ్మి అంటే అలర్జీ ఉన్న కుక్కకి అప్పుడప్పుడు పడే ఒకటి రెండు కాట్లే చాలు, ఒళ్లంతా దురద రావడానికి. అందుకే దువ్వెనకి ఏమీ రాకపోయినా మూడో మెట్టు ఎక్కాల్సిందే.

3. పురుగుల మందు, ఒకసారి కాదు, మూడు నెలలు

“మందు వేశామండీ, తగ్గలేదు” అన్నవాళ్లని ఎన్ని నెలలు వేశారని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒక్కసారనే. కుక్క మీద కనిపించే ఫ్లీలు మొత్తంలో సుమారు 5 శాతమే. మిగతాదంతా గుడ్లు, పిల్ల పురుగులు, గూళ్ల రూపంలో పరుపుల్లో, చాపల్లో, సోఫా సందుల్లో ఉంటుంది. గూట్లో ఉన్న పురుగు నెలల తరబడి కదలకుండా కాచుకోగలదు. మందు వేసిన మూడో వారంలో మళ్లీ ఫ్లీ కనిపిస్తే మందు పనిచేయలేదని అనుకోకండి, అది గూట్లోంచి కొత్తగా బయటికొచ్చింది కావచ్చు.

కాబట్టి వెట్ చెప్పిన మందుని చెప్పిన గడువు ప్రకారం కనీసం మూడు నెలలు ఇవ్వండి. ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకీ, పిల్లికీ వాటి వాటి మందు ఒకేసారి మొదలుపెట్టండి. వారం వారం పక్క గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి. వాక్యూమ్ ఉంటే మూలమూలలా పట్టి, ఆ చెత్తని వెంటనే బయట పారేయండి.

ఇక్కడ జాగ్రత్తలు చాలా ఉన్నాయి, తొందరపడకుండా చదవండి. కుక్కల కోసం చేసిన పర్మెత్రిన్ మందు పిల్లికి విషం, ప్రాణం తీస్తుంది. కుక్కకి వేసి పిల్లిని పక్కన పడుకోబెట్టినా ప్రమాదమే. మీ కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ మాట ముందే వెట్‌కి చెప్పండి, ఎందుకంటే ఐసోక్సాజోలిన్ రకం మాత్రలు, అవే ఫ్లూరలనర్, అఫోక్సోలనర్ లాంటివి, అలాంటి కుక్కలకి ఆలోచించి ఇస్తారు. ఐవర్‌మెక్టిన్‌ని ఎవరో చెప్పారని మీరే కొలిచి వేయకండి. కోలీ లాంటి కొన్ని జాతుల్లో జన్యుపరంగా ఆ మందు మెదడుకెక్కి ప్రాణం మీదకొస్తుంది. మెడ వెనక చర్మం మీద పోసే మందైతే దానికి రెండు రోజుల ముందు, రెండు రోజుల తర్వాత స్నానం వద్దు. జుట్టు మీద కాదు, పాయ తీసి చర్మం మీదే పోయాలి.

గజ్జి సంగతి. చెవి అంచుని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి మెల్లగా రుద్ది చూడండి. వెనక కాలు దానంతటదే గాల్లో గోకుతున్నట్టు ఆడితే అనుమానం గట్టిపడుతుంది. ఇంట్లో మనుషులకి కూడా చేతుల మీద, నడుము దగ్గర ఎర్ర పొక్కులతో దురద మొదలైతే ఇంకా గట్టిపడుతుంది. చర్మం గీకి మైక్రోస్కోప్‌లో చూసినప్పుడు ఏమీ కనపడలేదన్నంత మాత్రాన గజ్జి లేనట్టు కాదు, గజ్జి తెచ్చే పురుగు చాలాసార్లు చిక్కదు. అనుమానం ఉంటే వెట్‌లు మందు ఇచ్చేసి చూస్తారు. అదే సరైన పద్ధతి.

4. ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించండి

గోకిన చోట చర్మం చిట్లుతుంది. అక్కడ బ్యాక్టీరియా, మలసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) పెరుగుతాయి. వాటివల్ల దురద ఇంకా పెరుగుతుంది. అసలు కారణం ఏదైనా సరే, ఇది తగ్గకుండా దురద తగ్గదు.

ముందు ముక్కుతో చూడండి. జిడ్డుగా, పులిసినట్టు, మాగిన వాసన వస్తూ, చంకల్లో, మెడ కింద చర్మం నల్లబడి మందంగా మారితే ఈస్ట్. చీము పొక్కులు, చుట్టూ పొర లేచిన గుండ్రటి మచ్చలు ఉంటే బ్యాక్టీరియా. రెండూ కలిసి ఉండటం మామూలే. వెట్ దగ్గర ఒక టేపు ముక్క అంటించి తీసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు, కాసేపట్లో అయిపోతుంది. టేపు పరీక్ష చేయకుండా నేరుగా యాంటీబయాటిక్ రాస్తుంటే “ఒకసారి చూసి ఇస్తారా?” అని అడగడంలో తప్పేం లేదు. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రం మీరే మొదలుపెట్టకండి. సగం కోర్సులతో మందుకి లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది.

5. స్నానం చేయించే పద్ధతి

మందుల షాంపూ పనిచేయలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది దాన్ని రెండు నిమిషాల్లో కడిగేసినవాళ్లే. క్లోర్‌హెక్సిడిన్, లేదా దాంతోపాటు మైకోనజోల్ ఉన్న షాంపూ చర్మం మీద పది నిమిషాలు ఉండాలి. టైమర్ పెట్టుకోండి. మనసులో లెక్కపెడితే పది నిమిషాలు నాలుగు నిమిషాల్లోనే అయిపోతాయి, ముఖ్యంగా తడి కుక్క మీ మీదకి విదిలిస్తున్నప్పుడు.

నీళ్లు గోరువెచ్చగా కూడా కాదు, దాదాపు చల్లగా ఉండాలి. వేడినీళ్లు దురద పెంచుతాయి. ముందు ఒళ్లంతా తడపండి. షాంపూ ఎక్కువ దురద ఉన్నచోట మొదలుపెట్టి రాయండి, అప్పుడు ఆ చోటుకి ఎక్కువసేపు దొరుకుతుంది. వేళ్ల సందులు, చంకలు, తోక కింద మరిచిపోవద్దు. కళ్లలోకి, చెవుల్లోకి పోనీయొద్దు. తర్వాత నీళ్లు జారుడు లేకుండా వచ్చేదాకా కడగండి, మిగిలిపోయిన షాంపూ కూడా దురద పెడుతుంది. టవల్‌తో రుద్దకండి, అద్దండి. వేళ్ల మధ్య తడి ఉండిపోతే ఈస్ట్‌కి పండగే.

మొదట్లో వారానికి రెండుసార్లు, తగ్గాక వారానికి ఒకసారి మామూలుగా చెప్తారు. మీ కుక్కకి ఎంత అన్నది వెట్‌ని అడగండి. మన షాంపూలు వాడకండి, వాటిని తయారుచేసింది కుక్క చర్మానికి కాదు.

రోజూ స్నానం కుదరదు కాబట్టి బయటినుంచి రాగానే తడిగుడ్డతో పాదాలు, పొట్ట కింద తుడిచి ఆరబెట్టండి. చిన్న పనే, కానీ పుప్పొడి అలర్జీ ఉన్నవాటికి తేడా తెలుస్తుంది. చెవుల్లో మాత్రం దూది పుల్లలు పెట్టొద్దు, మురికిని ఇంకా లోపలికి తోస్తారు. చెవిపొర బాగుందో లేదో వెట్ చూడకుండా చెవిలో ఏ మందూ పోయొద్దు.

6. తిండి పరీక్ష, ఎనిమిది వారాలు

పురుగులు, ఇన్ఫెక్షన్ అదుపులోకి వచ్చాక కూడా దురద ఉంటేనే, అదీ ఏడాది పొడుగునా ఉంటేనే, ఇక్కడికి రండి. దురదతోపాటు తరచూ విరేచనాలు కూడా ఉంటే తిండి మీద అనుమానం ఇంకాస్త పెంచుకోవచ్చు.

రక్తం, ఉమ్మి, వెంట్రుకలు పంపిస్తే ఏ తిండి పడదో చెప్తామనే టెస్టులున్నాయి. తిండి విషయంలో వాటిని నమ్మలేం. ఆ డబ్బు దాచుకోండి. తిండి అలర్జీని తేల్చేది ఒక్కటే: అనుమానం ఉన్నవన్నీ ఆపి చూడటం, మళ్లీ పెట్టి చూడటం.

వెట్‌తో మాట్లాడి రెండింటిలో ఒకటి ఎంచుకోండి. ఒకటి, ప్రోటీన్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టిన హైడ్రోలైజ్డ్ ఫుడ్. రెండోది, మీ కుక్క పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ తినని మాంసంతో చేసిన ఫుడ్. “చికెన్ మానేసి గొర్రె మాంసం ఫుడ్ పెట్టాం” అంటే చాలదు. ఆ ప్యాకెట్ వెనక చదివితే చాలాసార్లు చికెన్ కొవ్వో, చికెన్ పొడో కనిపిస్తుంది. కుక్కల్లో ఎక్కువగా పడనివిగా తేలినవి బీఫ్, పాల పదార్థాలు, చికెన్, గోధుమ. ధాన్యం లేని ఫుడ్ అంటే అలర్జీ రాని ఫుడ్ అనుకోవద్దు, మాంసం వల్ల వచ్చే అలర్జీలే ఎక్కువ.

కొత్త ఫుడ్‌ని వారం రోజుల్లో పాతదానిలో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి. పూర్తిగా మారిన రోజు నుంచి ఎనిమిది వారాలు లెక్క. ఆ ఎనిమిది వారాలూ ఇంకేదీ నోట్లోకి పోకూడదు. బిస్కెట్లు, నమిలే ఎముకలు, రుచి కలిపిన పళ్ల పేస్టు, మాంసం రుచి ఉన్న మాత్రలు, పిల్లి గిన్నెలో మిగిలింది, ఏదీ. పురుగుల మందు నమిలే మాత్రైతే దానికి బదులు చర్మం మీద పోసేది అడగండి. మా ఇంట్లో ఐదు వారాలు పద్ధతిగా నడిచాక, పొద్దున్నే మా నాన్నగారు టీతోపాటు తినే బిస్కెట్‌లో సగం వాడికి రోజూ అందుతోందని బయటపడింది. “సగమే కదరా” అన్నారు. మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టాం. ఆయన చేతికే కొత్త ఫుడ్ గింజలు ఒక చిన్న డబ్బాలో ఇచ్చాక గొడవ తీరింది. మీ ఇంట్లోనూ అలాంటి పెద్దాయన ఒకరుంటారు, మొదటి రోజే డబ్బా చేతికివ్వండి.

మధ్యలో దురద భరించలేకపోతే వెట్ కొన్నాళ్లు మందు ఇవ్వచ్చు. కానీ చివర్లో కనీసం రెండు వారాలు మందు లేకుండా చూడాలి, లేకపోతే తగ్గింది తిండి వల్లో మందు వల్లో తేలదు.

దురద తగ్గిందా? పని సగమే అయింది. ఇప్పుడు పాత ఫుడ్ మళ్లీ పెట్టండి. బాగైన కుక్కకి మళ్లీ ఎందుకని అందరూ ఈ మెట్టు దాటేస్తారు. పాతది పెట్టిన రెండు వారాల్లోపు దురద తిరగబెట్టి, కొత్త ఫుడ్‌కి రాగానే మళ్లీ తగ్గితే అప్పుడు తేలినట్టు. తిరగబెట్టలేదంటే వాతావరణం మారో, ఇన్ఫెక్షన్ తగ్గో బాగైంది, ఖరీదైన ఫుడ్ జీవితాంతం పెట్టక్కర్లేదు. గతంలో తిండి వల్ల మొహం వాచిన, ఊపిరాడని కుక్కకి మాత్రం వెట్ చెప్పకుండా పాతది పెట్టొద్దు.

7. అప్పటికీ తగ్గకపోతే

ఇప్పుడు మిగిలింది అటోపీ, అంటే దుమ్ములో ఉండే సూక్ష్మ పురుగులు, పుప్పొడి, బూజు లాంటివాటి అలర్జీ. ఎక్కువగా ఆరు నెలలకీ మూడేళ్లకీ మధ్య వయసులో మొదలవుతుంది. ఇది పోయేది కాదు, అదుపులో పెట్టుకునేది. ఈ మాట వెట్ చెప్తే డాక్టర్‌ని మార్చేయకండి, ఆయన నిజమే చెప్తున్నారు.

మందుల గురించి క్లుప్తంగా. ఓక్లాసిటినిబ్ మాత్ర ఒక రోజులోనే పని మొదలుపెడుతుంది, ఏడాది లోపు కుక్కలకి ఇవ్వరు. లోకివెట్‌మాబ్ ఇంజెక్షన్ ఒకసారికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పనిచేస్తుంది. సైక్లోస్పోరిన్‌కి నెల, నెలన్నర ఓపిక పట్టాలి. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ త్వరగా తగ్గిస్తుంది కానీ దాహం, ఆకలి, మూత్రం బాగా పెరుగుతాయి. కొన్నాళ్లు వాడాక మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, నొప్పి మాత్రలతో కలిపి అసలే ఇవ్వొద్దు. చేప నూనె మంచిదే, ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అలర్జీ టీకాలు అని వాడుకలో పిలిచే ఇమ్యునోథెరపీ ఏడాది పాటు చేస్తేగానీ పనిచేసిందో లేదో చెప్పలేం. అలర్జీ రక్తపరీక్ష, చర్మ పరీక్ష పనికొచ్చేది ఆ టీకాలో ఏం కలపాలో తేల్చడానికే.

ఇంటి మందుల పెట్టె జోలికి వెళ్లొద్దు

మనుషుల దురద మాత్రలు కుక్కల్లో అంతంతమాత్రంగానే పనిచేస్తాయి. పైగా జలుబు మందు కలిసిన రకాల్లో ఉండే సూడోఎఫిడ్రిన్, కొన్ని సిరప్‌లలో తీపి కోసం వేసే జైలిటాల్ కుక్కకి విషం. క్రీములు రాస్తే నాకేస్తుంది. జింక్ ఆక్సైడ్ ఉన్నవి, సోరియాసిస్‌కి వాడే కాల్సిపోట్రియాల్ క్రీములు కడుపులోకి పోతే ప్రమాదం. టీ ట్రీ నూనె “సహజం” అని రాసి ఉన్నా రాయకండి.

సరిగ్గా నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

నోటుబుక్కు తీయండి. వారానికి ఒకసారి ఏడు రోజుల మార్కుల సగటు వేయండి. 8 నుంచి 4కి వస్తే మీరు సరైన దారిలోనే ఉన్నారు. సున్నా కోసం చూస్తూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఒకే చోట, ఒకే వెలుతురులో రెండు వారాలకోసారి చంకలు, పొట్ట, పాదాలు ఫొటో తీయండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు, ఫొటోకి తెలుస్తుంది. కొత్త జుట్టు రావడం, వాసన పోవడం, రాత్రి నిద్ర పట్టడం, ఈ మూడూ మార్కుల కన్నా గట్టి సాక్ష్యాలు.

ఒకసారికి ఒక్కటే మార్చండి. ఫుడ్, షాంపూ, మాత్ర ఒకే వారంలో మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో మీకు తెలియదు, వెట్‌కీ తెలియదు.

బాగా ఉన్న కుక్క ఉన్నట్టుండి మళ్లీ గోకడం మొదలుపెడితే అలర్జీ మందు డోసు పెంచమని అడగకండి. ముందు దువ్వెన తీయండి, పురుగుల మందు తేదీ దాటిందేమో చూడండి. తర్వాత చంకలో, చెవిలో వాసన చూడండి. ఆ రెండూ సరిగ్గా ఉన్నాయనుకున్నాక ఇంట్లో బిస్కెట్ డబ్బా ఎవరి చేతిలో ఉందో చూడండి.